తడి రాయి, పొడి రాయి

"తిన్నావా? నిజంగా తిన్నావా?"

డ్వైట్ అడగడం అది మూడోసారి. వాళ్లమ్మ వెర్నెల్ ఉలకలేదు, పలకలేదు. అయినా ఆవిడ నోరు విప్పాల్సిన అవసరం ఏముంది? కంచానికి అంటుకుపోయిన సాసేజ్ మాంసం గ్రేవీ ఉంది. కొరికి వదిలేసిన, ఇంట్లో కాల్చిన మెత్తటి బిస్కెట్ రొట్టె ముక్క ఉంది. కాఫీ కప్పు అడుగున మడ్డి ఉంది. ఇంతకంటే సాక్ష్యం ఏ కోర్టు అడుగుతుంది?

పొద్దున ఆరు దాటింది. ఏడున్నరకల్లా ఆవిడ ఆసుపత్రిలో ఉండాలి. అర్ధరాత్రి తర్వాత మంచినీళ్లు కూడా ముట్టకూడదని నర్సు ఫోన్ చేసి రెండుసార్లు చెప్పింది. చాలదని కాగితం మీద రాసి ఇచ్చింది. ఆ కాగితం వారం రోజులుగా ఫ్రిజ్ తలుపుకి, కోడిపుంజు బొమ్మ అయస్కాంతం కింద వేలాడుతూనే ఉంది. వెర్నెల్ సరిగ్గా దానికి ఎదురుగా కుర్చీ వేసుకుని తిన్నది.

గుమ్మం దగ్గర కోడలు మార్లీన్ నిలబడి ఉంది. ఒక చేతిలో కారు తాళాలు, ఇంకో చేతిలో అత్తగారి సంచి. అందులో రాత్రి గౌను, చెప్పులు, కట్టుడు పళ్ల డబ్బా, బైబిలు, అన్నీ నిన్న సాయంత్రమే సర్దింది. ఇప్పుడు ఆ సంచిని ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకుని ఉంది.

"ఎన్ని తిన్నారు అత్తయ్యా?"

"రెండు."

"రెండూ గ్రేవీతోనేనా?"

"ఉత్త బిస్కెట్లు గొంతు దిగుతాయా ఎవరికైనా? ఒకదాంట్లో జామ్ వేసుకుందామనుకున్నాను. మూత రాలేదు. మీరేమో గుర్రు పెట్టి నిద్రపోతున్నారు."

నిజమే. కంచం పక్కనే పీచ్ పళ్ల జామ్ సీసా, మూత తియ్యకుండా ఉంది. ఆరేళ్లుగా ఆవిడ వేళ్ల కణుపులు వాచి గట్టిపడ్డాయి. ఈ ఇంట్లో ఏ సీసా మూత తియ్యాలన్నా ఎవరో ఒకరు రావాల్సిందే. మార్లీన్‌కి ఒళ్లు మండిపోయింది. చేసిన నిర్వాకం చాలదన్నట్టు, జామ్ దొరకలేదని పైగా నిష్ఠూరం!

"అమ్మా, నీకు మతి ఉండే చేశావా ఈ పని?" డ్వైట్ తల పట్టుకున్నాడు. "ఈ రోజు కోసం ఆరు వారాలు ఎదురుచూశాం. నేను సెలవు పెట్టాను. మీ చర్చి వాళ్లు మూడు గిన్నెల కాసెరోల్ వంటకాలు తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లారు. ఆపరేషన్ లేకుండా అవి ఏ మొహం పెట్టుకుని తినమంటావు?"

"గ్రీన్‌బీన్స్‌ది తినొచ్చు. అది ఎలాగూ బాగోదు."

"జోకులా? ఇప్పుడు జోకులా?"

వెర్నెల్ పెదవులు బిగించుకుని కిటికీ వైపు తిరిగింది. డెబ్బై మూడేళ్ల మనిషి, మొండితనంలో మాత్రం మూడేళ్ల పిల్ల. ఆవిడ ఎడమ కిడ్నీలో రాయి అల్లం కొమ్ములా కొమ్మలేసుకుని కూర్చుంది. చలికాలంలో రెండుసార్లు ఒళ్లు కాలిపోయే జ్వరం తెప్పించింది. ఇది దానంతటది పడిపోయే రకం కాదనీ, ఈ వేసవి దాటితే ఆ కిడ్నీ మీద ఆశ వదులుకోవాల్సిందేననీ డాక్టర్ ఎబర్నాతీ ముఖం మీదే చెప్పేసింది. వీపులో చిన్న కంత పెట్టి, సన్నని గొట్టం దింపి, అల్ట్రాసౌండ్ కంపనంతో రాయిని పిండి చేసి ఆ గొట్టంలోంచే పీల్చి పారెయ్యాలి. అదీ ఇవాళ జరగాల్సిన పని.

మార్లీన్ సంచిని నేల మీద పడేసి ఫోన్ తీసింది. డాక్టర్ ఎబర్నాతీ ఆమెకి కొత్త కాదు. పదకొండేళ్లుగా ఆవిడ ల్యాబులోనే మార్లీన్ ఉద్యోగం.

"డాక్టర్ గారూ, మా అత్తయ్య... తినేసిందండీ."

"ఏం తిన్నది?"

"బిస్కెట్లు. గ్రేవీతో."

"మత్తు డాక్టరు దగ్గరికి కూడా రానివ్వడు. నేనేమని చెప్పను ఆయనకి? అక్కడ సగం సామాను విప్పి పెట్టేశారు మార్లీన్!"

"నాకు తెలుసండీ. ఏం చెప్పమంటారు, నా ఖర్మ."

"సరే. రేపటి కేసు ఒకటి వెనక్కి వెళ్లేలా ఉంది. అది దొరికితే రేపు ఏడింటికి. లేదంటే మే నెలాఖరే. కనుక్కుని చెప్తాను, ఫోన్ దగ్గర పెట్టుకో. అన్నట్టు, శనివారం షార్లట్ నగరంలో మీటింగులో నేను చదవాల్సిన మిషన్ల పరీక్ష లెక్కల పట్టిక పంపావా?"

"ఇవాళ పంపుతానండీ."

"మర్చిపోకు. ఎనిమిది ఆసుపత్రుల వాళ్లు దాని కోసమే వస్తున్నారు. నీ పేరు కూడా పైనే వేశాను."

ఫోన్ పెట్టేసేసరికి బయట ట్రక్కు ఆగిన చప్పుడైంది. మరిది గార్లండ్ తలుపు తోసుకుని లోపలికొచ్చాడు. ఒంటి మీద వాళ్ల కంపెనీ ఎర్ర చొక్కా, నున్నగా దువ్విన జుట్టు. రాళ్లు పగలగొట్టే కొత్త మిషన్ అమ్మేది అతనే. ఇవాళ ఆపరేషన్ గదిలో మిషన్ బిగించి ఇచ్చి, తల్లి లోపల ఉండగా తాను బయట కూర్చుంటానని వారం నుంచి ఊరంతా చెప్పుకుని తిరుగుతున్నాడు.

"ఇంకా ఇక్కడే ఉన్నారేంటి? ఏడవుతోంది!"

డ్వైట్ కంచం వైపు వేలు చూపించాడు. గార్లండ్ కంచం చూశాడు, ఫ్రిజ్ మీద కాగితం చూశాడు, తల్లిని చూశాడు.

"అమ్మా! ఏంటమ్మా ఇది!"

"ఆకలేసింది."

"ఆకలేసిందా? తెల్లవారుజామున నాలుగింటికి లేచి, పిండి కలిపి, పొయ్యి వెలిగించి, సాసేజ్ వేయించుకునేంత ఆకలా?"

ఆవిడ కాఫీ కప్పుని పక్కకి జరిపింది.

"భయమేస్తోందా? అదైనా చెప్పు. నేను అక్కడే ఉంటానుగా. ఇరవై ఏడు ఆపరేషన్లలో నిలబడ్డాను ఆ మిషన్ పక్కన. ఒక్కరికీ ఏమీ కాలేదు."

"నాకు భయం లేదు."

"మరి?"

వెర్నెల్ కిటికీ వైపు నుంచి తల తిప్పింది. "నాకు ఆ మిషన్ వద్దు. పాతది ఉందిగా, అది పెట్టమను. పాతదైతే ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తాను."

గార్లండ్ ముఖం చూస్తే మార్లీన్‌కే జాలేసింది. నిలబడ్డవాడు నిలబడ్డట్టే కుర్చీలో కూలబడ్డాడు.

"సొంత కొడుకు మిషన్ వద్దా? ఊళ్లో వాళ్లందరికీ పనికొచ్చింది, మా అమ్మకి పనికిరాదా? ఆసుపత్రిలో ఏమని చెప్పుకోను? మా మేనేజరు అడిగితే ఏమని చెప్పను?"

"ఏదో ఒకటి చెప్పుకో. నీకు మాటలు తక్కువా?"

"పాతది రాయి తొలవడానికి ముప్పై ఎనిమిది సెకన్లు తీసుకుంటుందమ్మా. మాది ఇరవై ఒకటి! దాదాపు సగం! నేను చెప్తున్న మాట కాదిది. కంపెనీ మాటా కాదు. నీ కోడలు స్వయంగా పరీక్ష చేసి తేల్చిన మాట. ఆ పరీక్ష చూసే కదా ఆసుపత్రి మా మిషన్ తీసుకుంది. చెప్పు వదినా, నువ్వన్నా చెప్పు!"

చెప్పడానికి మార్లీన్‌కి అభ్యంతరం ఏముంది? ఆ పరీక్ష ఆమెకి ప్రాణం. మరిది కంపెనీ కదా, మొగ్గు చూపించిందని ఎవరైనా అంటారేమోనని ఎంత జాగ్రత్త పడిందో ఆమెకే తెలుసు. దంతవైద్యుల ప్లాస్టర్ పొడిని గ్రాముల లెక్కన తూచి, నీళ్లతో కలిపి, అచ్చుల్లో పోసి కిడ్నీ రాళ్లలాంటివి ఇరవై నాలుగు తయారుచేసింది. గొట్టాన్ని చేత్తో పట్టుకుంటే ఒకసారి గట్టిగా, ఒకసారి మెల్లిగా నొక్కుతామని, దాన్ని స్టాండుకి నిలువుగా బిగించింది. మొన మీద రాయి, రాయి మీద ఎప్పుడూ ఒకే బరువు. మీట నొక్కడం, గొట్టం రాయిని తొలుచుకుని అవతలికి వచ్చేదాకా గడియారం చూడటం. రెండు మిషన్లకీ అంతే, వెంట్రుకవాసి తేడా లేదు.

"అత్తయ్యా, ఆ పరీక్ష చేసింది నేను. గార్లండ్ మాట నమ్మొద్దు, పోనీ. నా మాట కూడా నమ్మరా?"

"నీ తప్పేం లేదమ్మాయ్," అంది వెర్నెల్.

ఆ మాట విని మార్లీన్ చెయ్యి ఆగిపోయింది. కంచం తీద్దామని వంగిందల్లా నిటారుగా నిలబడింది.

"నా తప్పేం లేదంటే? తప్పు ఉందన్నమాటేగా? ఎవరిది?"

"ఏదో అన్నానులే."

"ఏదో అనే మనిషి కాదు మీరు. నలభై ఏళ్లు స్కూల్లో పిల్లలకి వండి పెట్టారు, ఒక్కరోజు ఉప్పు ఎక్కువైందని మీరు ఒప్పుకోవడం ఎవరూ వినలేదు. ఇవాళ నా తప్పేం లేదని మీ అంతట మీరే అంటున్నారు. ఏం జరిగింది?"

గార్లండ్ గబుక్కున లేచాడు. "వదినా, ఆవిడ భయంతో ఏదో మాట్లాడుతోంది. వదిలెయ్. నేను ఆసుపత్రికి ఫోన్ చేసి..."

"నువ్వు కూర్చో," అన్నాడు డ్వైట్. గార్లండ్ కూర్చున్నాడు.

వెర్నెల్ వాచిన వేళ్లతో బల్ల మీది బిస్కెట్ పొడిని ఒక పక్కకి కుప్ప చేసింది. మళ్లీ చెరిపేసింది. మళ్లీ కుప్ప చేసింది. మార్లీన్ ఎదురు కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇవాళ ఈవిడ నోట మాట రప్పించకుండా ఇక్కణ్ణుంచి లేచేది లేదు.

"పోయిన ఆదివారం," అంది చివరికి వెర్నెల్, "భోజనాల దగ్గర పాస్టర్‌గారి భార్యకి చెప్పావు చూడు. రాళ్లని ఎందుకు నానబెడతారో."

మార్లీన్‌కి గుర్తొచ్చింది. ఆవిడ ఊరికే మాటవరసకి అడిగితే, తాను ఉత్సాహం కొద్దీ పూస గుచ్చినట్టు చెప్పింది. ఒంట్లో రాయి ఎప్పుడూ తడిలోనే ఉంటుంది కాబట్టి ఉత్తుత్తి రాయిని కూడా రోజుల తరబడి నీళ్లలో ఉంచాలి. తడి రాయి మెత్తబడుతుంది, గొట్టం తేలిగ్గా దిగిపోతుంది. పొడి రాయి మొండికేస్తుంది, ఎక్కువసేపు పడుతుంది. ఆ మాట చెబుతుంటేనే అత్తగారు చెంచా కింద పెట్టేసి, ఆకలి లేదని లేచి వెళ్లిపోయింది. జ్వరం మళ్లీ వచ్చిందేమోనని మార్లీన్ నుదురు తాకి కూడా చూసింది.

"అయితే?"

"జనవరిలో మంచువాన పడింది గుర్తుందా?"

ఎలా మర్చిపోతుంది? ల్యాబులో హీటర్లు ఆగిపోయాయి. సీసాల్లో నీళ్లు గడ్డకడితే రాళ్లు పగిలిపోతాయని, పరీక్షకి సిద్ధం చేసిన రాళ్లన్నీ కారులో పెట్టుకుని ఇంటికి తెచ్చింది. ఇంట్లో కట్టెల పొయ్యి ఉంది కదా, వెచ్చగా ఉంటాయని. అత్తగారు ఊరగాయలు పెట్టుకునే పెద్ద గాజు సీసాలు పన్నెండు, ఒక్కోదాంట్లో రెండేసి రాళ్లు, గొంతు దాకా నీళ్లు. పాత మిషన్ రాళ్ల సీసాలకి నీలం టేపు, గార్లండ్ మిషన్ వాటికి ఎర్ర టేపు. తెల్లారేసరికి ఆసుపత్రికి మనుషులు రాలేకపోతున్నారని ఫోనొస్తే వెళ్లి, రెండు రాత్రులు అక్కడే ఉండిపోయింది. డ్వైట్ కరెంటు లైన్‌మన్. తెగిన తీగలు కట్టడానికి కొండల్లోకి వెళ్లి వారం దాకా రాలేదు.

"కరెంటు పోయింది," అంది వెర్నెల్. "కరెంటు లేకపోతే బావిలో మోటారు తిరగదు. మోటారు తిరగకపోతే కుళాయిలో చుక్క రాదు. బయట గొడ్డలితో కొట్టినా విరగని మంచు. నాకేమో కాఫీ తాగకపోతే తలనొప్పి."

మార్లీన్ కుర్చీలో వెనక్కి జరిగింది.

"వద్దు. చెప్పకండి."

"చెప్పమన్నావుగా. ఎదురుగా సీసాల నిండా శుభ్రమైన నీళ్లు. లోపల రెండు గులకరాళ్లు. రాళ్లకి దాహమేస్తుందా అనుకున్నాను."

"ఆ నీళ్లతో కాఫీ పెట్టారా!"

"కాస్త సున్నం వాసనొచ్చింది. తాగేశాం."

డ్వైట్ నవ్వాపుకోలేక దగ్గినట్టు నటించాడు. మార్లీన్ చూసిన చూపుకి నోరు మూసుకుని గోడ వైపు తిరిగాడు.

"ఎన్ని సీసాలు?"

"ఆరు."

"మరి రాళ్లు? రాళ్లు ఏం చేశారు?"

"తుడిచి, పొయ్యి పక్కన తువ్వాలు మీద ఆరబెట్టాను. శుభ్రంగానే ఉంచాను. సోమవారం పొద్దున కరెంటొచ్చింది. మోటారు తిరగ్గానే మళ్లీ సీసాల్లో వేసి నీళ్లు పోశాను. మూతలు పెడుతుంటేనే నీ కారు చప్పుడైంది."

"ఆ సీసాలు ఎత్తుకుని నేను అట్నుంచి అటే ల్యాబుకి వెళ్లాను! ఆ మధ్యాహ్నమే పరీక్ష చేశాను!" మార్లీన్ గొంతు పెరిగిపోయింది. "రెండు రోజులు పొయ్యి పక్కన ఎండిన రాళ్లని, ఒక్క పూట కూడా నానకుండా తీసుకెళ్లి గొట్టం మీద పెట్టాను! నాలుగు నెలలు! నాలుగు నెలలుగా ఆ అంకెలు పట్టుకుని నేను అందరి ముందూ తల ఎగరేసుకుని తిరుగుతున్నాను! ఒక్క మాట, ఒక్క ముక్క చెప్పడానికి నోరు రాలేదా మీకు?"

"గులకరాళ్లనుకున్నాను. ఆదివారం నువ్వు చెప్పేదాకా నాకేం తెలుసు?"

"ఆదివారం తెలిసిందిగా! ఇవాళ గురువారం! ఆదివారం నుంచి గురువారం దాకా నోట్లో పెట్టుకుని కూర్చుని, ఇవాళ తెల్లవారుజామున బిస్కెట్లు చేసుకు తింటారా? అంటే మీ కిడ్నీ పోయినా ఫర్వాలేదు గానీ ఆ మాట మాత్రం చెప్పరన్నమాట!"

"అబద్ధం మీద గెలిచిన మిషన్ నా వీపులోకి దిగడం నాకిష్టం లేదు." ఆవిడ కంచాన్ని దూరంగా తోసింది. "అది మంచిదో కాదో నాకు తెలియదు. నీకూ తెలియదు. ఇప్పుడు ఎవరికీ తెలియదు. నా మూలంగా."

మార్లీన్ మోచేతులు బల్ల మీద పెట్టి ముఖం చేతుల్లో దాచుకుంది. కోపం, ఏడుపు ఒకేసారి వస్తే ఏది ముందు బయటపెట్టాలో మనిషికి తెలియదు. పట్టిక పంపకూడదు. డాక్టర్‌గారికి చెప్పాలి. శనివారం ఆవిడ నిండు సభలో ఆ అంకెలు చదవకూడదు. మళ్లీ రాళ్లు పోసి, మళ్లీ నానబెట్టి, మొదటి నుంచి మొదలుపెట్టాలి. పదకొండేళ్లలో మొదటిసారి తన పేరు పైన వేశారు. ఆ పేరు మొదటిసారి వినబడేది ఇలాగా?

"చూడు వదినా," గార్లండ్ ముందుకి వంగాడు. మాట చాలా మెత్తగా వచ్చింది. "అమ్మ చేసింది పొరపాటే. కాదనను. కానీ ఆరు సీసాలేగా? అందులో నీలంవి కొన్ని, ఎర్రవి కొన్ని ఉండుంటాయి. రెండిటికీ నష్టం సరిసమానం. తేడా ఏమీ రాదు. శనివారం గడిచిపోనీ. తర్వాత తీరిగ్గా ఇంకోసారి చేసుకో. అప్పుడూ మాదే గెలుస్తుంది, నువ్వే చూస్తావు."

వినడానికి సబబుగానే ఉంది. ఒక్క క్షణం మార్లీన్‌కి ఆ మాట పట్టుకుని వేలాడాలనిపించింది కూడా. ముఖం మీంచి చేతులు తీసి తల ఎత్తింది. ఎదురుగా జామ్ సీసా కనబడింది.

మూత తియ్యని జామ్ సీసా.

ఆమె దాన్నే చూస్తూ ఉండిపోయింది. ఆ శుక్రవారం మంచు రోడ్డు మీద కారు కుదుపులకి నీళ్లు ఒలికిపోతాయని, రబ్బరు గుడ్డ చుట్టి, పళ్లు బిగపట్టి తిప్పింది ఆ మూతల్ని. పన్నెండూ. ఆ తర్వాత రెండు రోజులు అరచేతులు నొప్పి పుట్టాయి.

"అత్తయ్యా," అంది నెమ్మదిగా. "ఈ జామ్ మూత మీకు రాలేదు కదూ?"

"రాలేదని చెప్పానుగా."

"మరి ఆ ఆరు మూతలు ఎవరు తీశారు?"

వెర్నెల్ చెయ్యి బిస్కెట్ పొడి మీద ఆగిపోయింది.

"ఏదో... వేడి నీళ్లలో పెట్టి..."

"నీళ్లే లేవన్నారుగా."

డ్వైట్ గోడ వైపు నుంచి ఇటు తిరిగాడు. అతని ముఖంలో నవ్వు లేదిప్పుడు. "నేను కొండల్లో ఉన్నాను. మార్లీన్ ఆసుపత్రిలో ఉంది. 'తాగేశాం' అన్నావు ఇందాక. ఎవరితో తాగావమ్మా?"

ఆవిడ ఎవరి వంకా చూడలేదు. అలా చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతోందో చూస్తూనే మార్లీన్‌కి జవాబు తెలిసిపోయింది. ఆదివారం నుంచి ఆవిడ నోట్లో దాచుకున్నది తన సొంత తప్పు కాదు, ఇంకొకరిది.

"నేనే తీశాను," అన్నాడు గార్లండ్. "అయితే ఏంటి? ఆ మంచువాన శనివారం వరండా మీద చెట్టుకొమ్మ విరిగిపడితే కొయ్యడానికొచ్చాను. అమ్మ కాఫీ పెడతానంది. మూతలు తీసిమ్మంది, తీసిచ్చాను. తల్లి అడిగితే తియ్యనా? అదీ నేరమేనా?"

"ఏ మూతలు తీశావు?"

"ఏ మూతలేంటి?"

"ఏ రంగు టేపువి?"

"నాకేం తెలుసు వదినా! కరెంటు లేదు. ఇల్లంతా చీకటి. చేతికందినవి తీశాను. రంగులు ఎవడు చూశాడు?"

మార్లీన్ అతని ముఖంలోకి చూసింది. అతను వరండా వైపు చూశాడు. బల్ల కింద అతని కాలు ఆగకుండా ఊగుతోంది. చిన్నప్పుడు దొంగతనంగా కేక్ తిన్న రోజు కూడా ఇలాగే ఊపాడని వెర్నెల్ ఇరవైసార్లు చెప్పి ఉంటుంది.

"పొద్దున పదింటికి చీకటేంట్రా గార్లండ్?" అంది వెర్నెల్.

అరవలేదు. కసురుకోలేదు. ఇంకో కప్పు కాఫీ కావాలా అని అడిగినట్టుగా అడిగింది.

"అమ్మా..."

"మంచు మీద ఎండ పడి కళ్లు మిరుమిట్లు గొలుపుతున్నాయని నువ్వే అన్నావు. నేను దగ్గరున్న సీసా అందిస్తే వెనక్కి పెట్టేశావు. 'ఎర్రవి ముట్టుకోకమ్మా, అవి నావి. నీలంవి తీసుకో' అన్నావు. నేను నవ్వాను. చిన్నపిల్లాడిలా నావి, నావి అంటున్నాడని నవ్వాను." ఆవిడ కళ్లు తుడుచుకోలేదు. "రాళ్లు ఎండితే ఏమవుతుందో నాకు తెలియదు. ఆ మిషన్లు అమ్మేవాడివి, నీకు తెలియదా?"

గార్లండ్ కాలు ఊపడం ఆపేశాడు. డ్వైట్ తమ్ముడి వైపు ఒక అడుగు వేసి, ఆగి, రెండు చేతులూ జేబుల్లో పెట్టేసుకున్నాడు.

అప్పుడే బల్ల మీద మార్లీన్ ఫోన్ మోగింది. డాక్టర్ ఎబర్నాతీ పేరు వెలిగింది.

మార్లీన్ చెయ్యి చాచేలోగా గార్లండ్ అరచెయ్యి ఫోన్ మీద పడింది.

"వదినా, ఒక్కమాట. రెండే రోజులు. శనివారం ఒక్కటి దాటనీ. రేపు అమ్మకి పాత మిషనే పెట్టమని నేనే చెప్తాను. నాకు ఇద్దరు పిల్లలున్నారు. తర్వాత నువ్వేం చెప్పినా సరే, ఒట్టు. ఈ రెండు రోజులు మాత్రం..."

"చెయ్యి తియ్యి," అంది మార్లీన్.

"వదినా, నీ కాళ్లు పట్టుకుంటాను."

ఫోన్ మూడోసారి మోగింది. ఎత్తకపోతే రేపు ఏడింటి అవకాశం ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఇక మే నెలాఖరే.

వెర్నెల్ బల్ల మీదికి వంగింది. రెండు చేతులూ చాచి కొడుకు చేతిని పట్టుకుంది. జామ్ మూత తిప్పలేని ఆ వేళ్లతో అతని బొటనవేలిని ఎత్తింది. తర్వాత చూపుడువేలు ఎత్తబోయింది. అది రాలేదు. నొప్పికి పెదవి కొరుక్కుంటూ మళ్లీ పట్టుకుంది.

"తియ్యరా," అంది. "నాకు రావడం లేదు."

ఫోన్ ఇంకా మోగుతూనే ఉంది.